బిడారు నుండి లారీ దాకా: ఒక హాజరుపట్టీ కథ

2025 నవంబరు 21వ తేదీన కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. పాత చట్టాలు ఇరవై తొమ్మిది వాటిలో కలిసిపోయాయి. ఆ చట్టాల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ పోతుంటే ఒక పేరు దగ్గర నా చూపు ఆగిపోయింది. మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961. పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి ఆ చట్టంతో ఏమి పని అని మీరు అడగవచ్చు. పని ఉన్నది. దాదాపు ముప్పై ఏండ్ల క్రితం నా చేతివ్రాతతో నింపిన ఒక హాజరుపట్టీ, ఆ చట్టం కాపాడవలసిన ఒక పిల్లవానికి ఎదురు సాక్ష్యం చెప్పింది. ఆ సంగతి అర్థం కావాలంటే ముందుగా మా దారి సంగతి, ఆ దారి మీద బరువు మోసినవారి సంగతి చెప్పుకోవాలి.

మా మరిపెడ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాయే కనుక, నా వయసు వారికి చిరునామా వ్రాయబోతే ఇంకా పాత జిల్లా పేరే చేతికి వస్తుంది. వరంగల్ నుండి వర్ధన్నపేట, తొర్రూరు మీదుగా ఖమ్మం పోయే రహదారి మీద ఉన్న ఊరు. మహబూబాబాద్ తోవ ఇక్కడే కలుస్తుంది. ఆ కూడలిని మరిపెడ బంగ్లా అంటారు. ఊరికి రైలు లేదు. ఉప్పు బస్తా రావాలన్నా, మిరప బస్తా పోవాలన్నా, పత్తి మిల్లుకు చేరాలన్నా దారి మీదనే. ఇక ఊరి చుట్టూ లంబాడీ తండాలు. రైలు లేకపోవడం, తండాలు ఉండడం అనే ఈ రెండు విషయాలనూ చదువరులు మనసులో పెట్టుకోవాలి.

తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి కనుక ఒక మాటతో మొదలుపెడతాను. పెరిక అంటే ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడే గోనె సంచి. కాకతీయుల కాలపు శాసనాలలో పెరికెడ్ల మీది సుంకాల ప్రస్తావన కనిపిస్తుంది. పెరిక కులం వారికి ఆ పేరు ఆ సంచి వల్లనే వచ్చిందంటారు. అంటే ఎనిమిది వందల ఏండ్ల కిందటనే సరుకు రవాణా ఒక వృత్తి, ఆ వృత్తికి ఒక లెక్క, ఆ లెక్కకు ఒక పన్ను ఉన్నాయి.

అదే కాలంలో, 1244-45లో, గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు బలవంతంగా లాగుకొనేవారు. తాను నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకొని మిగిలినది వర్తకులకే విడిచిపెడతానని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఈ శాసనం గురించి తరగతిలో ఎన్ని సార్లు గర్వంగా చెప్పానో లెక్కలేదు. ఎన్నో ఏండ్లు చెప్పిన తరువాత గాని నాకు ఒక విషయం తట్టలేదు. ఆ శాసనం సరుకుకు అభయం, వర్తకునికి అభయం. రేవు నుండి ఆ సరుకును వీపున వేసుకొని ఓరుగల్లు దాకా నడిచినవాని ఊసు అందులో లేదు. ఆనాటి రాజనీతిలో అది ప్రశ్నే కాదు కనుక రాజును తప్పుపట్టడం లేదు. అయితే ముందు సరుకు, తరువాత మనిషి అన్న వరుస చాలా పాతది అని మాత్రం గుర్తించాలి.

మోసినవారిలో ముందు చెప్పుకోవలసినవారు లంబాడీలు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వజ్రాల బేరానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వీరి బిడారులను కళ్ళారా చూసి వ్రాశాడు. పదివేలు, పన్నెండువేల ఎడ్లు ఒకే వరుసలో నడిచేవట. ఇరుకు దారిలో అటువంటి బిడారు ఎదురైతే అది దాటిపోయే దాకా రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట. వీరిలో నాలుగు వర్గాలుండేవని, ఒకరు బియ్యం, ఒకరు గోధుమ, ఒకరు పప్పుధాన్యం, ఒకరు ఉప్పు, ఎవరి సరుకు వారే మోసేవారని చెప్పాడు. మొగలు సేనలు దక్కనుకు దిగినప్పుడు వాటి వెంట ధాన్యం మోసుకొని వచ్చినది ఈ జాతివారే. 1791-92లో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం మీదికి దండెత్తినప్పుడు ఇంగ్లీషు సైన్యానికి తిండి చేర్చినదీ వీరి ఎడ్లే. కోస్తా ఉప్పు పైకి ఎక్కేది, పైదేశపు ధాన్యం కిందికి దిగేది.

ఆ బిడారులో పని ఎట్లా ఉండేదో గమనించాలి. ఎడ్లు వారివి. సరుకు కూడా తరచుగా వారే కొని, వారే అమ్ముకొనేవారు. తండాకు నాయక్ ఉండేవాడు, తగవు వస్తే పంచాయితీ ఉండేది. జీతం లేదు, సెలవు లేదు, నిజమే. ఎండావానా లేదు. ఆడవారు నడిచేవారు, పిల్లలు నడిచేవారు. అయితే పిల్లవాడు ఎద్దు వెంట నడిచినా తల్లి కూడా ఆ బిడారులోనే ఉండేది. బరువూ కుటుంబమూ ఒకే దారిలో నడిచాయి. ఈ మాట మళ్ళీ అవసరం పడుతుంది.

1874లో వాడి నుండి సికింద్రాబాదుకు నిజాం రైలు వచ్చింది. 1889 నాటికి అదే మార్గం వరంగల్లు, డోర్నకల్లు దాటి బెజవాడ దాకా పరచుకొన్నది. రైలు పొగ కనిపించిన చోటల్లా బిడారు అంతరించింది. పదివేల ఎడ్ల బరువును ఒక గూడ్సు బండి లాగుతుంటే ఎద్దుకు కిరాయి ఎవరిస్తారు? లంబాడీలు పశువులను పెంచుకొంటూ, అడవి అంచులను సాగుచేసుకొంటూ, కూలికి పోతూ, ఎక్కడివారక్కడ స్థిరపడ్డారు. మా చుట్టూ ఉన్న తండాలు అట్లా ఆగిపోయిన బిడారులే. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చిన చట్టం 1976 నాటిది. అంటే దారి పోయిన తరువాత ఇంచుమించు వంద ఏండ్లకు ప్రభుత్వం వారి పేరు ఒక జాబితాలో వ్రాసుకొన్నది.

రైలుకూ ఊరికీ నడుమ మిగిలిన దారి ఎడ్లబండిది. నిజాం కాలంలో ఆ బండి మీద పడిన భారం పేరు వెట్టి. అధికారి మకాం చేస్తే అతని సామాను మోయడానికి రైతు బండి కట్టాలి, దొర ఇంటికి ధాన్యం తోలడానికి బండి కట్టాలి, కూలి అడగరాదు. బంగ్లా అన్న మాట వింటే మా తాతల తరం వారికి విశ్రాంతి గుర్తుకు వచ్చేది కాదు, బండి కట్టమని వచ్చే కేక గుర్తుకు వచ్చేది. వెట్టి కూడదని నిజాం ప్రభుత్వపు ఉత్తర్వులు ఉండనే ఉన్నాయి. మాడపాటి హనుమంతరావుగారు, ఆంధ్ర జన సంఘం వారు 1920లలో చేసిన పనిలో పెద్ద భాగం ఆ ఉత్తర్వుల మాట ఊళ్ళకు తెలియజెప్పడమే. ఉత్తర్వు హైదరాబాదులో ఉన్నది, బండి ఊళ్ళో ఉన్నది, రెండింటినీ కలిపే మనిషి లేడు. 1946 నాటికి తెలంగాణ పల్లెలు ఎందుకు భగ్గుమన్నాయో చెప్పడానికి ఈ ఒక్క వాక్యం చాలునేమో.

తరువాత మోటారు వచ్చింది. 1932 జూన్‌లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టారు. అదే తరువాత 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. మనుషులను మోసే మోటారు అట్లా ప్రభుత్వపు చేతికి వచ్చింది. సరుకును మోసే మోటారు మాత్రం ప్రైవేటు చేతులలోనే ఉండిపోయింది. ఒకే దారి, ఒకే ఇనుము, ఒకే స్టీరింగు, కాని రెండు వేరు లోకాలు. ఆర్టీసీ డ్రైవరుకు డ్యూటీ చార్టు ఉన్నది, వారానికొక సెలవు ఉన్నది, డిపోలో పడుకొనే గది ఉన్నది, యూనియను ఉన్నది. 2019 అక్టోబరులో వారు సమ్మె కడితే యాభై రోజులకు పైగా రాష్ట్రమంతా దాని గురించే మాట్లాడుకొన్నది. అదే కూడలిలో టీ త్రాగి పోయే లారీ డ్రైవరుకు ఇవి ఏవీ లేవు.

లేకపోవడానికి చట్టం లేకపోవడం కారణం కాదు. 1961 చట్టం నిజంగా మంచి చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదు. దూర ప్రయాణాలకు మాత్రం అనుమతితో రోజుకు 10, వారానికి 54 గంటల దాకా పోవచ్చును. ఐదు గంటలు నడిపితే కనీసం అర్ధగంట విశ్రాంతి ఇవ్వాలి. ఒకనాటి పని ముగిసి మరునాటి పని మొదలయ్యేలోగా తొమ్మిది గంటలు ఎడతెగని విరామం ఉండాలి. వారానికొక సెలవు. అదనపు గంటలకు రెట్టింపు కూలి. 240 రోజులు పని చేసినవానికి మరుసటి ఏడు ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో సెలవు. రాత్రి ఆగవలసిన చోట పడుకొనే గది. పిల్లలను పనిలో పెట్టుకోరాదు. పిల్లలంటే 1986 సవరణ తరువాత పద్నాలుగేండ్లు నిండనివారు.

చదివితే కడుపు నిండుతుంది. అయితే ఈ చట్టం ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. అంతకు తక్కువ ఉన్నచోట కూడా వర్తింపజేయడానికి రాష్ట్ర ప్రభుత్వానికి అధికారమిచ్చారు గాని, ఆ అధికారాన్ని వాడితేనే ఫలితం. ఇప్పుడు చిన్న లెక్క. లారీలో ఉండేది ఇద్దరు, డ్రైవరు, క్లీనరు. ఒక లారీ యజమాని దగ్గర ఇద్దరు పనివారు. రెండు లారీలుంటే నలుగురు. చట్టం గుమ్మం దగ్గరకు రావాలంటే మూడవ లారీ కొనాలి. మన దేశంలో లారీలలో ఎక్కువ భాగం ఐదు లోపు లారీలున్న చిన్న యజమానులవే. మూడవ లారీ కొన్నవాడు దానిని భార్య పేరనో తమ్ముని పేరనో రిజిస్టరు చేయిస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. చట్టం కర్మాగారాన్ని మనసులో పెట్టుకొని పుట్టింది. కర్మాగారంలో వందమంది ఒక గేటులో నుండి లోపలికి పోతారు, ఒక పట్టీలో వేలిముద్ర వేస్తారు, ఇన్స్పెక్టరు వచ్చి లెక్కపెట్టుకోవచ్చును. లారీకి గేటు లేదు. దాని పని నాలుగు రాష్ట్రాలలో, రాత్రిపూట, ఇద్దరేసి మనుషులతో జరుగుతుంది.

కూలి కూడా చట్టానికి అందని పద్ధతిలోనే ఉంటుంది. నెల జీతం కొంత, ట్రిప్పుకు ఇంత, దారి ఖర్చుకు బత్తా. బత్తా అనే మాట మన భత్యానికి చుట్టం. అసలు అర్థం దారిలో తిండి ఖర్చు. ఆ తిండి ఖర్చులోనే మిగుల్చుకొని ఇంటికి పంపుకోవాలి. ట్రిప్పుల మీద బ్రతికేవానికి గంటల చట్టం ఎట్లా అంటుతుంది? త్వరగా పోతే ఇంకొక లోడు దొరుకుతుంది. నిద్ర అతని సొంత జేబులో నుండి పోయే ఖర్చు. 2020లో సేవ్ లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ దేశంలోని పది నగరాలలో లారీ డ్రైవర్లను అడిగి తెలుసుకొన్నదేమంటే, రోజుకు సగటున పన్నెండు గంటలు నడుపుతున్నారు. ఇంచుమించు సగం మంది నిద్ర ముంచుకొస్తున్నా నడుపుతామని ఒప్పుకొన్నారు. తమవారిని ఈ పనిలోకి రమ్మనమని చెప్పినవారు నూటికి 84 మంది. ఈ చివరి అంకె మీద నాకు ఎక్కువ నమ్మకం. తన పని తన బిడ్డకు వద్దనేవాని మాటలో అబద్ధముండదు.

ఒక పాత చట్టం మాత్రం తలలు లెక్కపెట్టేది కాదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం. మోటారు వాహనం మీద జీతానికి పని చేసేవాడు ఒక్కడైనా, పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలి. లారీకి చేయించే బీమాలో కూడా డ్రైవరు, క్లీనరుల పరిహారపు బాధ్యత కలిసి ఉండాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. అంటే చిన్న యజమాని దగ్గర పనిచేసే మనిషికి అప్పట్లో మిగిలిన దిక్కు ఇదొక్కటే. కాని ఇక్కడ కూడా ఒక ప్రశ్నకు జవాబు కావాలి. నీవు ఆ లారీ మీద పనివాడవని ఎక్కడ వ్రాసి ఉన్నది? నియామక పత్రం లేదు. జీతపు పట్టీ లేదు. డ్రైవరుకైనా లైసెన్సు ఉంటుంది. క్లీనరుకు అదీ లేదు.

ఇక నా హాజరుపట్టీ సంగతి.

1996లో నేను ఏడవ తరగతికి క్లాసు టీచరును. ఆ తరగతిలో ఒక తండా పిల్లవాడు ఉండేవాడు. పదమూడేండ్లు. పద్యం ఒకసారి వింటే అప్పజెప్పేవాడు. ఇంట్లో మాట్లాడే భాష వేరు అయినా, యతి ఎక్కడ తప్పిందో చెవితో పట్టేవాడు. జూలైలో బడికి రావడం మానేశాడు. వారం తరువాత వాళ్ళమ్మ బడికి వచ్చింది.

"మేనమామ లారీ మీద పోయిండు సారూ. పేరు కొట్టెయ్యకు. రెండు నెలల్ల వస్తడు. ఏడో తరగతి పరీచ్చ రాస్తడు."

ఆ మేనమామ డ్రైవరు, యజమాని కాదు. పట్నంలో ఎవరిదో లారీ. క్లీనరు దొరకక పిల్లవాణ్ణి ఎక్కించుకొన్నాడు. తుడవడం, టార్పాలిన్ కట్టడం, టైర్లు కొట్టి చూడడం, వెనుకకు తీసేటప్పుడు దిగి కేక వేయడం. జీతమంటూ లేదు, తిండి పెట్టి పని నేర్పుతారు. అప్పట్లో డ్రైవరు కావడానికి అదే గురుకులం.

నేను పేరు కొట్టివేయలేదు. అంతటితో ఆగలేదు. చాలా రోజులు వరుసగా రాకపోతే పేరు తీసివేయాలని నియమం కనుక, అతని పేరు ఎదుట హాజరు గుర్తు వేస్తూ పోయాను. దయ అనుకొన్నాను. దయ కొంత ఉన్నది. తనిఖీకి వచ్చేవారి ముందు నా తరగతిలో బడి మానినవారు లేరని చూపించుకోవాలనే కోరిక కూడా ఉన్నది. రెండింటిలో ఏది ఎంత అని ఈనాడు తూకం వేయలేను.

సెప్టెంబరులో ఒక రాత్రి, ఒక మిల్లు ఆవరణలో లారీని వెనుకకు తీస్తుండగా దిగి కేక వేస్తున్న పిల్లవాని కాలు చక్రం కింద పడింది. ఎడమ కాలు మోకాలి కింద తీసివేశారు.

వాళ్ళ తండ్రి ఒక వకీలును పట్టుకొని కార్మిక శాఖలో పరిహారం దరఖాస్తు వేయించాడు. పిల్లవానికి వయసు చాలకపోవడం పరిహారానికి అడ్డు కాదు. చట్టం మైనరుకు కూడా వర్తిస్తుంది. తప్పు పెట్టుకొన్నవానిదే గాని పని చేసినవానిది కాదు. అందుచేత అవతలి పక్షం వయసు మాట ఎత్తలేదు. ఈ పిల్లవాడు మా పనివాడే కాడు, బడిలో చదువుకొంటున్న విద్యార్థి, మేనమామను చూడబోయి లారీ దగ్గర ఆడుకొంటున్నాడు అన్నారు. దానికి సాక్ష్యంగా బడి హాజరుపట్టీ నకలు కోరుతూ కాగితం వచ్చింది. నకలు వ్రాసి ఇచ్చినవాడను నేనే. దేనికోసమో తెలియక వ్రాశాను. ఆగస్టు నెలలో ఆ పేరు ఎదుట ఒక్క గైర్హాజరు కూడా లేదు. ప్రమాదం జరిగిన మరునాడు కూడా హాజరే వేసి ఉన్నది.

సంగతి తెలిసిన తరువాత నేను పోయి, ఆ గుర్తులు అబద్ధం, నేను వేశాను అని చెప్పి ఉండవచ్చును. చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. మేనమామ కూడా సాక్ష్యానికి రాలేదు. అతని కూడు ఆ లారీ మీద ఉన్నది. చివరకు రాజీ పేరుతో చేతిలో పెట్టినది ఆసుపత్రి అప్పుకు కూడా చాలలేదు. రెండు పట్టీలున్నాయి. ఉండవలసిన పట్టీలో అతని పేరు లేదు, ఉండకూడని పట్టీలో ఉన్నది. చట్టం రెండవదానిని నమ్మింది. నమ్మక ఏమి చేస్తుంది, దాని మీద నా సంతకం ఉన్నది.

అప్పటికీ ఇప్పటికీ లారీ పని చాలా మారింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన తరువాత అమ్మకం పన్ను చెక్‌పోస్టులు పోయాయి, గంటల తరబడి కాగితాలు పట్టుకొని నిలబడడం తప్పింది. అయితే మిగిలిన గంటలు నిద్రలోకి పోలేదని, ఇంకొక ట్రిప్పులోకి పోయాయని బంగ్లా దగ్గర టీ త్రాగే డ్రైవర్లు అంటారు. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలనే నియమం ఉండేది, 2018లో దానిని ఎత్తివేశారు. లైసెన్సుకు ఎనిమిదవ తరగతి చదివి ఉండాలనే నియమం కొన్నేండ్లు ఉండి, 2019లో పోయింది. అది ఉన్న రోజులలో నడివయసు డ్రైవర్లు పాత బడికి వచ్చి, ఎనిమిది చదివినట్టు కాగితం ఇవ్వమని బ్రతిమాలడం నేను చూశాను. ఆ ఒక్క విషయంలో మాత్రం పాత పాఠం నాకు గుర్తుండి, లేనిది వ్రాయలేదు. 2025 నుండి కొత్త లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. మంచి మాట. పాత లారీలు మాత్రం ఇంకా చాలాకాలం తిరుగుతాయి.

అన్నిటికన్న పెద్ద మార్పు, క్లీనరు కనిపించకుండా పోతున్నాడు. కెమెరాలు, సెన్సార్లు, ఫోన్లు వచ్చాయి. కిరాయి గిట్టక యజమానులు ఆ ఖర్చు తగ్గించుకొన్నారు. తండా పిల్లలు కూడా ఇప్పుడు ఇంటరు, డిగ్రీ దాకా పోతున్నారు, ఆగినవారు ఆటోనో ట్రాక్టరో నడుపుకొంటున్నారు. ఇది సంతోషించవలసిన విషయమే. కాని క్లీనరుగా ఎక్కి డ్రైవరుగా దిగే పద్ధతి పోయింది, దాని స్థానంలో బడి పెట్టినవారు తక్కువ. డ్రైవర్లు దొరకడం లేదని యజమానులు మొత్తుకొంటున్నారు. రాత్రి ఒంటిగా నడిపే మనిషికి ఇప్పుడు పక్కన కేక వేసే పిల్లవాడు కూడా లేడు. 2024 జనవరి మొదటి రెండు రోజులు, ప్రమాదం చేసి పారిపోతే పదేండ్ల దాకా జైలు అనే కొత్త సెక్షనుకు భయపడి డ్రైవర్లు బండ్లు ఆపితే హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. ఆ సెక్షనును ఇప్పటికి పక్కన పెట్టారు. ఇంత బలమున్నదని ఆనాడు లోకానికి తెలిసింది. ఎనిమిది గంటల కోసం మాత్రం ఆ బలం ఎన్నడూ లేవలేదు. గంటల మాట అడగడానికి ఎదుట యజమాని ఒక్కడు కావాలి. ఇక్కడ యజమానులు కూడా చిన్నవారే, కిస్తీలు కట్టుకొంటున్నవారే.

ఇప్పుడు కొత్త కోడ్ వైపు చూద్దాం. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో 1961 చట్టం కలిసిపోయింది. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని అందులో ఉన్నది. ఇది నేను మనసారా ఆహ్వానించే మాట. ఆ ఒక్క కాగితం 1996లో ఉంటే నా పట్టీకి విలువ ఉండేది కాదు. అయితే ఆ కోడ్ మోటారు రవాణా సంస్థకు పెట్టిన హద్దు ఐదుగురు కాదు, పదిమంది. మళ్ళీ లెక్క వేద్దాం. డ్రైవరు, క్లీనరు ఇద్దరూ ఉన్న రోజులలో ఐదుగురు కావాలంటే మూడు లారీలు చాలు. ఇప్పుడు డ్రైవరు ఒక్కడే ఉన్న లారీలతో పదిమంది కావాలంటే పది లారీలు కావాలి. మంచి నియమాన్ని వ్రాసి, దానిని అందుకోవలసినవాని తలకు మించిన ఎత్తున మేకు కొట్టి తగిలించినట్టున్నది.

లెక్క మారాలి. సంస్థలో ఎంతమంది ఉన్నారని కాక, దారి మీద ఎన్ని బండ్లు తిరుగుతున్నాయని లెక్క మొదలు కావాలి. ప్రతి లారీకీ నంబరు ఉన్నది, పర్మిట్ ఉన్నది, బీమా ఉన్నది, టోలు గేటు దాటిన సమయం నిమిషాలతో సహా నమోదవుతున్నది. సరుకుకు ఈ-వే బిల్లు ఉన్నది. బస్తా ఎక్కడ ఉన్నదో ప్రభుత్వానికి తెలుసు. ఆ బస్తాను తీసుకొనిపోయే మనిషి ఎన్ని గంటలుగా మేలుకొని ఉన్నాడో తెలుసుకోవడానికి కొత్త యంత్రాలు అక్కరలేదు, తెలుసుకోవాలనే బుద్ధి చాలు. మోటుపల్లి శాసనపు వరుసను ఇప్పటికైనా తిరగవేయవచ్చును.

2021లో అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ నమోదు మొదలైనప్పుడు అతను నా దగ్గరకు వచ్చాడు. ఒక పంక్చరు కొట్టు పెట్టుకొన్నాడు. కృత్రిమ కాలు. వచ్చి కూర్చొని, వివరాలన్నీ ముందు ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వమన్నాడు. పేరు, వయసు, ఊరు వ్రాశాను. వృత్తి దగ్గర పంక్చరు పని అని వ్రాయబోయాను.

"క్లీనరు అని రాయి సార్."

"ఇప్పుడు చేసే పని వ్రాయాలి నాయనా."

"ఇప్పుడు చేసేది అందరికి కనబడుతనే ఉన్నది సార్. అది ఒక్కటి ఎక్కడ రాసి లేదు."

అతనికి నా పట్టీ సంగతి తెలుసునో లేదో ఆనాడు అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పాత పనికి ఆ నమోదులో చోటు లేదని చెప్పి పంపించాను. అతను నవ్వి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

చోటు లేదన్న మాట నిజమే. కనుక ఇక్కడ వ్రాస్తున్నాను. 1996 జూలై నుండి సెప్టెంబరు దాకా ఏడవ తరగతి హాజరుపట్టీలో ఆ పిల్లవాని పేరు ఎదుట నేను వేసిన గుర్తులు అబద్ధం. ఆ రోజులలో అతను బడిలో లేడు. లారీ మీద క్లీనరుగా పని చేస్తున్నాడు.